గుండెపోటు వచ్చిన నాయనను పరిశోధనలో చేరమంటున్నారు, చేర్పించొచ్చునా?

పీలేరు రమణ | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పీలేరు పక్కన పల్లె. మా నాయనకు 58 ఏండ్లు, బేల్దారి పని చేస్తాడు. పోయిన నెల తెల్లవారుజామున రొమ్ములో నొప్పి, ఒళ్లంతా చెమటలు. పీలేరులోనే ఈసీజీ తీసి గుండెపోటు అని చెప్పినారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేసి, 108లో భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి పంపించినారు. మరుసటి రోజు యాంజియోగ్రామ్ చేసి, రక్తనాళం తెరిచి ఉంచే జాలీ గొట్టం, అదే స్టెంట్, ఒకటి వేసినారు. స్వామి దయ, ఇప్పుడు బాగుండాడు.

రెండు విషయాల్లో మీ సలహా కావాల. ఇంకో రక్తనాళంలో 80 శాతం బ్లాక్ ఉండాదంట, దానికీ స్టెంట్ వేయాల అంటా ఉండారు. అది ఒకటి. రెండోది, రివ్యూకు పోయినప్పుడు ఒక పరిశోధనలో చేరతారా అని అడిగి, చదువుకొని రమ్మని కాగితాలు ఇచ్చినారు. మామూలు మందులు అందరికీ ఇస్తారంట. దాంతోపాటు సగం మందికి ఒక కొత్త మాత్ర, మిగతా సగానికి చూసేదానికి అట్టనే ఉండే మందు లేని మాత్ర. ఎవరికి ఏది పడిందో డాక్టరుకు కూడా తెలీదంట.

మా మేనత్త "వాడి మీద ప్రయోగాలు చేస్తారంట" అని ఏడుస్తా ఉంది. నాయనేమో "నువ్వు చదువుకున్నోడివి, నువ్వే చెప్పు" అంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు బాబు | శుక్రవారం రాత్రి 9:40

రమణన్నా, సంతకం పెట్టొద్దు. రెండో స్టెంట్ కూడా తొందరపడి ఒప్పుకోవద్దు.

మా చిన్నాయనకు మెట్లెక్కితే కొంచెం ఆయాసం వస్తా ఉందని చూపించేదానికి పోతే 70 శాతం బ్లాక్ అన్నారు. "ఈ రాత్రికే వేయకపోతే మా పూచీ లేదు" అని బెదరగొట్టి స్టెంట్ వేసినారు. ఏ ఆసుపత్రి అనేది ఇక్కడ రాయను. మామిడి తోట తాకట్టులోకి పోయింది. తర్వాత ఇంకో ఊర్లో పెద్ద డాక్టరు కాగితాలన్నీ చూసి, ముందు మందులతో చూసి ఉండొచ్చు అన్నాడు. అప్పటి నుంచి నాకు ఈ బ్లాక్ శాతాల లెక్కల మీద నమ్మకం లేదు.

కార్డియో పీజీ | శుక్రవారం రాత్రి 11:05

తిరుపతిలో గుండె విభాగంలో శిక్షణలో ఉన్నాను. రోగిని చూడకుండా ఫలానాది చేయించుకోండి అని చెప్పను. పరిశోధనల్లో ఏం తేలిందో మాత్రం చెప్తాను.

బాబు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. గుండెపోటు రాకుండా, శ్రమపడినప్పుడు మాత్రమే నొప్పో ఆయాసమో వచ్చేవాళ్ల మీద 2007లో కరేజ్ అనే అధ్యయనం వెలువడింది. 2,287 మంది. సగం మందికి మంచి మందులు, మిగతా సగానికి అవే మందులతో పాటు స్టెంట్. చావుల్లోగానీ, కొత్తగా వచ్చిన గుండెపోట్లలోగానీ తేడా కనిపించలేదు. ఆ తర్వాత ఇస్కీమియా అనే ఇంకా పెద్ద అధ్యయనం 37 దేశాల్లో 5,179 మందితో జరిగింది. మన దేశ రోగులూ అందులో ఉన్నారు. 2020లో వచ్చిన దాని ఫలితమూ అదే దారిలో ఉంది. స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకు నొప్పి బాగా తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. అంటే అలాంటి రోగికి ఆలోచించుకోవడానికి టైముంది. "ఈ రాత్రికే" అని తొందరపెట్టే పరిస్థితి కాదది. కానీ ఎడమ ప్రధాన రక్తనాళంలో పెద్ద బ్లాక్ ఉన్నవాళ్లనీ, గుండె పంపింగ్ 35 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లనీ, రెండు నెలల లోపు గుండెపోటు వచ్చినవాళ్లనీ ఇస్కీమియాలో చేర్చుకోలేదు. ఈ ఫలితం వాళ్లకు వర్తించదు.

రమణ గారి నాన్నగారు సరిగ్గా ఆ చివరి గుంపులో ఉన్నారు. అందుకే మీ చిన్నాయన కేసుతో దీన్ని కలపకూడదు. గుండెపోటు వచ్చి, ఒక రక్తనాళానికి స్టెంట్ పడి, ఇంకోదాంట్లో బ్లాక్ మిగిలిపోయినవాళ్ల కోసమే కంప్లీట్ అనే అధ్యయనం చేశారు. 4,041 మందితో చేసింది, 2019లో వచ్చింది. మిగిలిన బ్లాక్ 70 శాతమో ఆ పైనో ఉంటే, లేదా 50 నుంచి 69 మధ్య ఉండి లోపల ప్రెషర్ కొలిచి చూస్తే నిజంగానే రక్తం తగ్గుతోందని తేలితే, వాళ్లను చేర్చుకున్నారు. మిగిలిన బ్లాకులకు కూడా స్టెంట్ వేసిన గుంపులో సుమారు మూడేళ్లకు గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు, మళ్లీ గుండెపోటు వచ్చినవాళ్లు కలిపి 7.8 శాతం. వేయని గుంపులో 10.5 శాతం. ఈ తేడా ఎక్కువగా మళ్లీ గుండెపోటు రావడం తగ్గినందువల్ల వచ్చిందే. ఆ రెండో స్టెంట్ అదే రోజు వేయనక్కర్లేదు, 45 రోజుల లోపు వేసినా మేలు కనిపించింది.

ఒక మాట దాచకూడదు. ఆ అధ్యయనంలో చాలామందికి నేరుగా యాంజియోప్లాస్టీ, అంటే బెలూన్‌తో రక్తనాళం తెరిచి స్టెంట్ వేయడం, చేశారు. మీ నాన్నగారిలా ఇంజెక్షన్ వేయించుకుని తర్వాత వచ్చినవాళ్లు కొద్దిమందే. కిడ్నీల పరిస్థితి, షుగరు, ఆ బ్లాక్ ఏ రక్తనాళంలో ఎక్కడుంది అన్నవి చూసి మీ డాక్టరే తేల్చాలి. కానీ రెండో స్టెంట్ అనగానే అది డబ్బు కోసమే అని అనుకోవద్దు.

చిత్తూరు బాబు | శుక్రవారం రాత్రి 11:31

డాక్టరు గారూ, వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఒకటే అడుగుతా. అదే బ్లాక్ కదా, అదే ఇనుప జాలీ కదా. ఒకరికి ఆయుష్షుకు పనికిరాకుండా, ఇంకొకరికి ఎట్ట పనికొస్తుంది?

కార్డియో పీజీ | శనివారం ఉదయం 6:20

సరైన ప్రశ్న. గుండెపోటు ఎక్కువసార్లు బ్లాక్ మెల్లగా పెరిగి పెరిగి పూర్తిగా మూసుకుపోవడం వల్ల రాదు. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకున్న చోట పైపొర చిట్లుతుంది. చిట్లిన చోట రక్తం నిమిషాల్లో గడ్డకట్టి దారి మూస్తుంది. చీము పట్టిన పుండు మీద పలచటి పొర ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ పైపొర. ఏళ్ల తరబడి నిలకడగా ఉన్న బ్లాకుకు చాలాసార్లు దళసరి పొర ఉంటుంది. యాంజియోగ్రామ్‌లో శాతం ఎక్కువ కనిపించినా అదే చిట్లుతుందని చెప్పలేం. యాంజియోగ్రామ్‌లో పెద్దగా కనిపించని 40 శాతం చోటు చిట్లవచ్చు. స్టెంట్ ఒక్క చోటును మాత్రమే కాపాడుతుంది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, ఆస్పిరిన్ లాంటి మందులు అన్ని చోట్లా పనిచేస్తాయి. నిలకడగా ఉన్న జబ్బులో మందులు స్టెంట్‌తో సమానంగా నిలబడటానికి ఇదొక కారణం. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషిలో మిగతా చోట్ల కూడా వాపు ఎక్కువగా ఉండి, పొర బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ. శాతం ఒకటే అయినా ప్రమాదం వేరు.

రిటైర్డ్ సిస్టర్ | శనివారం ఉదయం 8:15

నాయనా రమణా, నేను గుండె వార్డుల్లో చాలాకాలం నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీ మేనత్త భయం నాకు అర్థమవుతుంది, వార్డులో ఇదే మాట ఎంతమంది నోట విన్నానో.

ఒకసారి ఆలోచించు. పీలేరులో మీ నాన్నకు వేసిన ఇంజెక్షన్ ఎక్కడి నుంచి వచ్చింది? 1986లో ఇటలీలో 11,806 మంది మీద గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ అనే మందు పరీక్షించారు, దాని పేరు గిస్సీ. 1988లో ఐసిస్-2 వచ్చింది, 17,187 మంది. స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ ఇవ్వని గుంపులో ఐదు వారాల లోపు గుండె, రక్తనాళాల కారణంగా పోయినవాళ్లు 13.2 శాతం. రెండూ ఇచ్చిన గుంపులో 8 శాతం. అప్పటిదాకా గుండెపోటుకు ఆస్పిరిన్ తప్పకుండా ఇవ్వాలన్న నియమమే లేదు. ఆ రోజు మందు లేని మాత్ర పడిన గుంపులో చేరడానికి ఒప్పుకున్నవాళ్లు లేకపోతే, ఈ రోజు ఈసీజీ చూడగానే ఆస్పిరిన్ నమిలి మింగమనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంట సేపు ఎక్కించేవాళ్లం. బీపీ పడిపోతుందేమోనని మంచం పక్క నుంచి కదిలేవాళ్లం కాదు. ఇప్పుడు అదే పని చేసే టెనెక్టిప్లేస్ అనే మందును మనిషి బరువును బట్టి ఒక్కసారే వేసేస్తున్నారు, అందుకే చిన్న ఆసుపత్రిలో కూడా వేయగలుగుతున్నారు.

ఇంకొకటి. గుండెపోటు అని రాగానే ఆక్సిజన్ మాస్కు పెట్టడం మా రోజుల్లో రివాజు. పెట్టకపోతే బంధువులు మా మీదికి గొడవకు వచ్చేవాళ్లు. 2017లో స్వీడన్‌లో 6,629 మంది మీద డిటోటూఎక్స్ అని పరీక్షించారు. రక్తంలో ఆక్సిజన్ 90 శాతం, ఆ పైన ఉన్నవాళ్లకు మాస్కు పెట్టినా పెట్టకపోయినా ఏడాదికి చావుల్లో తేడా లేదు, 5 శాతం, 5.1 శాతం. కాబట్టి ఎవరికైనా మాస్కు పెట్టలేదని సిస్టర్లతో గొడవపడకండమ్మా. వేలికి పెట్టే మిషన్ నంబరు ఎంతుందో అడగండి.

పీలేరు రమణ | శనివారం ఉదయం 10:02

సిస్టరమ్మా, చాలా ధైర్యంగా ఉంది. కానీ మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఆ మందు లేని మాత్ర మా నాయనకే పడితే? కొత్త మాత్ర మంచిదే అయితే ఆయన నష్టపోయినట్టే కదా?

గణాంకం | శనివారం ఉదయం 11:47

ఎస్వీ యూనివర్సిటీలో గణాంకశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. డాక్టర్ని కాదు, లెక్కల వైపు నుంచి చెప్తాను.

రమణ గారూ, కొత్త మాత్ర మంచిదని ముందే తెలిస్తే ఈ పరిశోధన చేయడం తప్పవుతుంది. తెలీదు కాబట్టే చేస్తున్నారు. గుండెపోటు తర్వాత గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకునేవాళ్లకు ఎక్కువ ప్రమాదం అని అప్పటికే తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ అదనపు కొట్టుకోవడాన్ని బాగా అణిచేవి. ఈసీజీ చక్కగా కనిపించేది. డాక్టర్లు మంచి నమ్మకంతో రాస్తూ ఉండేవాళ్లు. కాస్ట్ అనే అధ్యయనంలో మందు లేని మాత్రతో పోల్చి చూశారు. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. మందు లేని మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. 1989లోనే ఆ మందుల భాగాన్ని మధ్యలో ఆపేశారు. అక్కడ మేలు జరిగింది మందు లేని మాత్ర పడిన గుంపుకే. చీటీ ఏ పక్క పడితే అదృష్టమో ముందు ఎవరికీ తెలీదు.

ఇంకొక విషయం, మన వాళ్లకు బాగా అర్థమవుతుంది. సిస్టర్ గారు చెప్పిన ఐసిస్-2లో, ఆడవాళ్లకు ఎంత, ముసలివాళ్లకు ఎంత, ఫలానా వాళ్లకు ఎంత అని ముక్కలు చేసి చూపించమని పరిశోధకులను అడిగారు. వాళ్లు రోగులను పుట్టిన రాశులవారీగా విడగొట్టి కూడా చూపించారు. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ కొంచెం చెడు చేసినట్టు, మిగతా రాశుల వాళ్లకు బాగా మేలు చేసినట్టు వచ్చింది! రాశిని బట్టి ఆస్పిరిన్ పనిచేయదని వాళ్లకు తెలుసు. పెద్ద అధ్యయనాన్ని చిన్న ముక్కలుగా కోస్తే ఇలాంటి వట్టి యాదృచ్ఛికాలు పుడతాయని చూపించడానికే అలా చేశారు. వాట్సాప్‌లో "షుగరు ఉన్న ఆడవాళ్లకు ఈ మందు పనిచేయదట" లాంటి మెసేజ్ వస్తే ఇది గుర్తుంచుకోండి.

బాబు గారికి కూడా ఒకటి. స్టెంట్‌కూ ఇలాంటి పరీక్ష చేశారు. 2017లో ఆర్బిటా, 200 మంది. అందరినీ టేబుల్ మీద పడుకోబెట్టి మత్తిచ్చారు. సగం మందికి స్టెంట్ వేశారు, మిగతా వాళ్లకు వేయలేదు, ఎవరికి ఏదో రోగికి తెలీదు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిచే టైములో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లందరూ అప్పటికే నొప్పి మందులు బాగా వాడుతున్నారు. 2023లో వచ్చిన ఆర్బిటా-2లో ఆ మందులు ఆపించి 301 మందిని చూశారు, అప్పుడు స్టెంట్ వేసినవాళ్లకు నొప్పి స్పష్టంగా తగ్గింది. ఒక్క అధ్యయనం చదివి స్టెంట్ దండగ అనడం కూడా తొందరపాటే.

కార్డియో పీజీ | శనివారం మధ్యాహ్నం 2:30

గణాంకం గారు చెప్పినదానికి తోడు: మీకు ఇచ్చిన కాగితంలో మామూలు మందుల్లో ఒక్కటి కూడా ఆపబోమని రాసి ఉందా అని ముందు చూడండి. ఆస్పిరిన్, దానికి జోడీగా ఇచ్చిన ఇంకో గడ్డకట్టని మందు, స్టాటిన్, బీపీ మందులు రెండు గుంపులకూ సమానంగా అందాలి. పెద్ద అధ్యయనాల్లో ఏ గుంపులో ఎవరున్నారో లోపల చూస్తూ ఉండే వేరే నిపుణుల బృందం ఉంటుంది. ఒక పక్క నష్టం కనిపిస్తే మధ్యలోనే ఆపించేది వాళ్లే. కాస్ట్‌ను అలాగే ఆపారు.

కొత్త మందు పరీక్షలకు మన దేశంలో 2019 నుంచి కొత్త నియమాలు ఉన్నాయి. పరిశోధన వల్ల దెబ్బ తగిలితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. మొదలుపెట్టకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయాలి. ఈ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. ఆ నంబరు అడిగి తీసుకుని ఇంటర్నెట్‌లో మీరే చూసుకోవచ్చు. రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు కాగితంలో ఉండాలి. సంతకం పెట్టిన కాగితం నకలు మీకు ఇవ్వాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు వైద్యం తగ్గకూడదు. వీటిలో ఒక్కటి లేకపోయినా నేనైతే సంతకం పెట్టొద్దనే చెప్తాను.

కాళహస్తి లక్ష్మి | శనివారం సాయంత్రం 5:18

మా అమ్మకు గుండెపోటు వచ్చినప్పుడు రొమ్ములో నొప్పి పెద్దగా లేదు. ఆయాసం, కడుపులో తిప్పడం, దవడ లాగడం. ఇంట్లో అందరూ గ్యాస్ అని సోడా తాగించి పడుకోబెట్టారు. తెల్లారాక తీసుకుపోతే అప్పటికే గుండె కండరం చాలా దెబ్బతినింది. ఆడవాళ్లకు ఇలా వస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఈ పరిశోధనల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో ఎవరైనా చూశారా? ఇస్కీమియాలో నాలుగో వంతు కూడా లేరని నేను చదివాను. మాకు పనిచేసే మందు ఏదో తేలాలంటే మమ్మల్నీ అడగాలి కదా. మా అమ్మను ఎవరూ ఏ పరిశోధనకూ పిలవలేదు. పిలిచి ఉంటే ఒప్పుకునేదే, ఆమె అలాంటి మనిషి.

రిటైర్డ్ సిస్టర్ | శనివారం సాయంత్రం 6:40

లక్ష్మమ్మా, నువ్వు చదివింది నిజం. రాసినందుకు సంతోషం, ఇది అందరూ చదవాలి. ఆడవాళ్లకైనా, షుగరు ఉన్నవాళ్లకైనా, వయసు మళ్లినవాళ్లకైనా ఉన్నట్టుండి ఆయాసం, చెమటలు, దవడ లేదా చేయి లాగడం, విపరీతమైన నీరసం వస్తే గ్యాస్ అని తీర్మానించేది మనం కాదు. ఈసీజీ తీయించాలి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59 అని ఆ అధ్యయనంలో తేలింది.

చిత్తూరు బాబు | శనివారం రాత్రి 8:05

టైము గురించి నేనూ కొంచెం చదివినా. మన దేశంలో 20,468 మంది గుండె రోగులతో క్రియేట్ అని చేసిన లెక్క 2008లో వచ్చింది. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరేదానికి సగం మందికి 360 నిమిషాలు, ఆ పైనే పట్టిందంట. ఆరు గంటలు! ఆసుపత్రి చేరినాక ఇంజెక్షన్ పడేదానికి 50 నిమిషాలే. అంటే పోయేదంతా ఇంటికాడ, దారిలోనే. పేదోళ్లకు సరైన వైద్యం తక్కువ అందింది, చావులు ఎక్కువ అయినాయి అని కూడా అందులోనే ఉంది. అది చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

కుప్పం, పలమనేరు వైపు వాళ్లు చాలామంది నేరుగా వేలూరో బెంగళూరో పోదామని కారు మాట్లాడుకుంటారు. ఊర్లో ఈసీజీ కూడా తీయించరు. అది సరైన పనేనా డాక్టరు గారూ?

కార్డియో పీజీ | శనివారం రాత్రి 10:22

సరైన పని కాదండీ. దగ్గర్లో ఈసీజీ తీసే ఏ ఆసుపత్రి ఉన్నా ముందు అక్కడికే. 2013లో వచ్చిన స్ట్రీమ్ అధ్యయనం సరిగ్గా మనలాంటి ఊళ్ల కోసమే చేసినట్టుంటుంది. నొప్పి వచ్చిన మూడు గంటల లోపు దొరికి, గంట లోపు యాంజియోప్లాస్టీ చేసే వీలు లేని 1,892 మందిని తీసుకున్నారు. సగం మందికి టెనెక్టిప్లేస్ వేసి తర్వాత పెద్ద ఆసుపత్రిలో యాంజియోగ్రామ్, మిగతా సగానికి నేరుగా యాంజియోప్లాస్టీ. నెల రోజులకు చావు, షాక్, గుండె వైఫల్యం, మళ్లీ గుండెపోటు కలిపి చూస్తే ఫలితం దాదాపు సమానం, ఇంజెక్షన్ గుంపులో 12.4 శాతం, నేరుగా చేసిన గుంపులో 14.3 శాతం. కానీ ఇంజెక్షన్ వేసినవాళ్లలో 36 శాతం మందికి గడ్డ సరిగా కరగక వెంటనే యాంజియోగ్రామ్ చేయాల్సి వచ్చింది. మెదడులో రక్తస్రావం కూడా ఇంజెక్షన్ గుంపులో ఎక్కువ, అందుకే మధ్యలో 75 ఏళ్లు దాటినవాళ్లకు మోతాదు సగం చేశారు. కాబట్టి ఇంజెక్షన్ వేశాక నొప్పి తగ్గినా పెద్ద ఆసుపత్రికి కదలాల్సిందే.

పక్కనున్న తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రితో, అంబులెన్సుతో కలిపే పద్ధతి పెట్టి 2,420 మందిని పరిశీలించారు. ఏడాదిలో చావులు 17.6 శాతం నుంచి 14.2కు తగ్గాయి. మన రాష్ట్రంలోనూ స్టెమీ (రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమం కింద ఈ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మీ దగ్గరి ఆసుపత్రిలో ఉందో లేదో ఇప్పుడే, ఎవరికీ ఏమీ కాకముందే, కనుక్కుని పెట్టుకోండి.

మోడరేటర్ | ఆదివారం ఉదయం 7:00

ఇద్దరు సభ్యులు డిశ్చార్జి కాగితాల ఫోటోలు పెట్టారు, తీసేశాం. పేరు, ఫోన్, ఆసుపత్రి నంబరు కనిపించేలా ఏదీ పెట్టకండి. ఇది చదువుతుండగా ఎవరికైనా నొప్పి ఉంటే ఇక్కడ రాయకండి, 108కి ఫోన్ చేయండి.

పీలేరు రమణ | ఆదివారం రాత్రి 8:50

అందరికీ చేతులెత్తి దండం పెడతా ఉన్నా. ఈ రోజు కాగితం మొత్తం నాయనకు గట్టిగా చదివి వినిపించినా. రిజిస్ట్రీ నంబరు ఉండాది, కమిటీ ఫోన్ ఉండాది. మామూలు మందులు ఆపేది లేదని కూడా రాసినారు. ఆయన నాలుగు అడిగినాడు. ఆ మాత్ర మింగి పరంజా ఎక్కి పని చేయొచ్చునా, మధ్యలో మానేస్తే డాక్టరు కోపం పెట్టుకుంటాడా, ఎన్నిసార్లు తిరుపతికి రావాల, బస్సు ఛార్జీ ఎవరిస్తారు. ఇవి నాకు తోచనే లేదు.

ఇంకోటి, బాగైతే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నాడంట. స్టెంట్ పడింది కదా, ఎక్కేస్తా అంటాడు.

రిటైర్డ్ సిస్టర్ | ఆదివారం రాత్రి 9:30

చూశావా, ఆయన అడిగినవే అసలు ప్రశ్నలు. నిర్ణయం ఆయనది, నీదీ కాదు, మేనత్తదీ కాదు. ఆ నాలుగూ ఆయన నోటితోనే డాక్టర్ని అడగనివ్వు.

అలిపిరి దారిలో 3,500 మెట్లకు పైనే ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీ వాళ్లే చెప్తున్నారు. ఇంకో బ్లాక్ అలాగే ఉండగా అసలు వద్దు. అదయ్యాక, ఎకో (గుండె స్కాన్) చూసి, ట్రెడ్‌మిల్ చేయించి డాక్టరు ఒప్పుకుంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. రోజూ చదునైన నేల మీద నడక మాత్రం డాక్టరు చెప్పిన మేరకు మొదలుపెట్టించు.

గణాంకం | ఆదివారం రాత్రి 10:10

నడకతో పాటు యోగా గురించి చాలామంది అడుగుతారు. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో యోగా-కేర్ అధ్యయనం జరిగింది, 2020లో ప్రచురించారు. చావులు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి చూస్తే నమ్మదగ్గ తేడా రాలేదు. కానీ యోగా గుంపులో వాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లడం కూడా మెరుగ్గా ఉంది. తరగతులకు బాగా హాజరైనవాళ్లలో జబ్బులు తక్కువ వచ్చాయని కూడా ఉంది. అయితే హాజరు కాగలిగినవాళ్లు మొదటి నుంచే గట్టిగా ఉన్నవాళ్లై ఉండొచ్చు, దాన్ని జాగ్రత్తగా చదవాలి. మాత్రలకు బదులుగా కాదు, మాత్రలతో పాటు చేయొచ్చు.

నగరి సెల్వం | సోమవారం ఉదయం 9:25

మా అమ్మను కూడా ఇలాంటి పరిశోధనకే అడిగినారు. ఆమెకు తమిళం తప్ప రాదు, చదవను కూడా రాదు. ఇచ్చిన కాగితం తెలుగులో ఉంది. వేలిముద్ర వేయించమంటున్నారు. ఏం చేయాలి?

కార్డియో పీజీ | సోమవారం మధ్యాహ్నం 1:15

వేయించకండి, ఇప్పుడే కాదు. ఆమెకు అర్థమయ్యే భాషలో, అంటే తమిళంలో కాగితం ఇవ్వమని అడగండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించేటప్పుడు పరిశోధన బృందానికి సంబంధం లేని ఒక సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండాలి. అమ్మకు అర్థమైందని చూశాక ఆయన కూడా సంతకం పెట్టాలి. మీకు తెలిసిన తమిళం వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి. వేలిముద్ర ఆ తర్వాతే.